మాతృభాష ఏ అమ్మది?

సభల్లో, పత్రికల్లో "మాతృభాష" అన్న మాట వినబడినప్పుడల్లా నాకొక అనుమానం వస్తది. వీళ్ళు ఏ అమ్మ గురించి మాట్లాడుతున్నరు? మా అమ్మ గురించి మాత్రం కాదు. మా అమ్మ మాట్లాడిన తెలుగు ఏ వాచకంలోనూ నాకు కనబడలేదు. నేను బడిలో ఆ తెలుగు మాట్లాడితే తప్పన్నరు. ఇయ్యాల మా వాడల పిల్లలు సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియంలో కూసుంటుంటే "అమ్మభాష చచ్చిపోతున్నది" అని కండ్లనీళ్ళు పెట్టుకుంటున్న పెద్దమనుషులను ఒక్కటే అడగాలనిపిస్తది. మా అమ్మ భాష బడి గడప దాటి లోపలికి ఎన్నడు వచ్చింది? వస్తే కద పోవుడు!

ఆ లెక్క తీద్దామనే ఇది రాస్తున్న. నేను చరిత్ర చదివిన దాన్ని కాదు. ఎల్బీ నగర్ దగ్గర ఒక సర్కారు ప్రైమరీ బడిలో ఒకటో తరగతి చెప్పే టీచర్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని. నా చేతిలో ఉన్న ఆధారాలు కొన్ని తారీఖులు, కొన్ని చట్టాలు, నా నోరు, నా ముందు కూసున్న పిల్లల నోళ్ళు.

నేను పుట్టింది 1989లో, నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు ఒక ఊళ్ళె, మాదిగవాడల. మా తాత చెప్పులు కుట్టేటోడు, మోటలకు తోలు బొక్కెనలు కుట్టేటోడు. మా ఇంట్ల పైసలకు కరువుండె గాని మాటలకు కరువు లేకుండె. తోలు నానేసే గుంత లంద. దాంట్ల వేసేది తంగేడు చెక్క. తోలు కోసేది రంపె, పొడిచేది ఆరె. డప్పుకు కుడిచేతి పుల్ల సిర్ర, ఎడమచేతిది సిటికెనపుల్ల. కూలి గింజలు కొలిచేది సోల, తవ్వ, మానిక. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నాకు అయిదేండ్లకే తెలుసు. దొర ఇంట్ల కొలిచిన మానిక మా ఇంట్ల కొలిస్తే ఎందుకు తక్కువ వస్తదో కూడ తెలుసు. అంటే లెక్కలు, భాష, ఆర్థికశాస్త్రం మూడూ కొంచెం కొంచెం వచ్చినంకనే నేను బడికి పోయిన. బడి మాత్రం నన్ను ఏమీ రాని పిల్లగానే చేర్చుకున్నది.

ఒకటో తరగతిలో బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనేవాళ్ళు. ఒక బొమ్మల కుక్క నోట్లె ఏదో కరుచుకొని ఉన్నది. "అదేంది?" అంటే నేను లేచి "బొక్క" అన్న. "ఎముక అనాలె. మీకు బొక్కలే తెలుసు గద" అన్నడు సారు. తరగతంత నవ్వింది. ఊరి పిల్లలు కూడ వాళ్ళ ఇండ్లల్ల బొక్క అనే అంటరు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకు తెలుసు, సారుకూ తెలుసు. కాని నవ్వు నా మీద పడ్డది. వాళ్ళ నోట్లె ఉన్నప్పుడు అది పల్లె మాట, నా నోట్లె ఉన్నప్పుడు అది మాదిగ మాట. తెలుగులో ప్రాంతాన్ని బట్టి మాండలికాలుంటయని తర్వాత టీచర్ ట్రైనింగులో చెప్పిండ్రు. ఒకే మాట నోటిని బట్టి కులం మార్చుకుంటదని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ తర్వాత మూడు నెలలు నేను తరగతిలో నోరు తెరవలేదు. రాయమంటే రాసేదాన్ని, పలకమంటే పలికేదాన్ని కాదు.

ఇది నా ఒక్కదాని కత అయితే రాయాల్సిన పని లేదు. మా తాతలనాటి నుంచి మా పిల్లల దాకా బడి భాష మూడుసార్లు మారింది. మూడుసార్లూ మమ్ముల ఎవరూ అడగలేదు.

మొదలు ఉర్దూ. నిజాం రాజ్యంలో 1884లో ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలోనే చెప్పిన విశ్వవిద్యాలయం అది. అందుకోసం తర్జుమా శాఖ ఒకటి పెట్టి పుస్తకాలన్నీ ఉర్దూలోకి మార్పించిండ్రు. ఇది చిన్న సంగతి కాదు. సర్కారు మనసు పెడితే మన దేశపు భాషలో ఎంత పెద్ద చదువైనా చెప్పవచ్చని వంద ఏండ్ల కిందనే హైదరాబాదులో రుజువైంది. కాని ఆ రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగోళ్ళు. వాళ్ళకు పై చదువు కావాలంటే ఉర్దూ రావాలె. మా తాతలకు ఆ బాధ కూడ లేదు. వాళ్ళను ఏ భాష బడికీ రానియ్యలేదు కనుక.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్ల ఒక సంఘ సంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే మిగతా భాషలోళ్ళు గేలి చేసి కూసోబెట్టిండ్రు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో తెలుగు చైతన్యం గురించి ఏ పుస్తకం తెరిచినా ఈ కత మొదటి పేజీల్లోనే ఉంటది. ఉండాల్సిందే. కాని అంతకు పదకొండు ఏండ్ల ముందే, 1910లో, అదే హైదరాబాదులో ఇసామియా బజారుల భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లల కోసం తెలుగు బడి పెట్టిండు. మాల కులంల పుట్టిన మనిషి. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి వాడవాడ తిరిగి హరికథలు చెప్పించి, ఆ జనాన్నే బడుల దాకా నడిపించిండు. ఒక్క బడి తర్వాత్తర్వాత ఇరవైకి పైగా బడులైంది. సర్కారు భాష ఉర్దూ, బతుకుదెరువు ఉర్దూ అయిన పట్నంల ఆయన చిన్నపిల్లలకు ఇంట్ల మాట్లాడే తెలుగులో చదువు మొదలుపెట్టిండు. ఇప్పుడు పెద్ద పెద్ద రిపోర్టులు రాసి చెప్తున్న మాటనే ఆయన చేసి చూపించిండు. ఈ కత కోసం మాత్రం వెతుక్కోవాలె.

ఇంకొకటి. 1930లో జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు అవమానపడ్డదని పుట్టిన ఉద్యమపు సభ అది. దాంట్ల భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికి వస్తే కొందరు సనాతనులకు ఇబ్బంది అయింది, అడ్డం చెప్పిండ్రు. ఆయన మాట్లాడబోయింది ఉర్దూ కాదు, మరాఠీ కాదు, వాళ్ళ తెలుగే. తొమ్మిదేండ్ల కింద తెలుగును గేలి చేసిండ్రని ఏడ్చినోళ్ళు మా నోటి తెలుగు వినడానికి ఒప్పుకోలేదు. నాకు ఒకటో తరగతిలో జరిగింది ఏందో నాకు ఈ జోగిపేట ముచ్చట చదివినంకనే పూర్తిగ సమజైంది.

గిడుగు రామమూర్తి గురించి చెప్పకుండ ఈ లెక్క సాగదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినమని జరుపుతరు. వాడుక భాష కోసం కొట్లాడిన మనిషిగ అందరికీ తెలుసు. కాని ఆయన చేసిన ఇంకొక పని నాకు పెద్దగ కనిపిస్తది. పర్లాకిమిడిల ఉండి సవరోళ్ళ భాష నేర్చుకొని, ఆ భాషకు పుస్తకాలు రాసి, సవర పిల్లలకు సవరలనే చదువు చెప్పేతందుకు తన పైసలతోని బడులు నడిపిండు. అడవిల పుట్టిన పిల్లకు దాని భాషల అక్షరం ఇయ్యాలని 19వ శతాబ్దం చివరనే ఒక బ్రాహ్మణ పంతులుకు తట్టింది. దండం పెడుత. మరి ఆ వాడుక భాషా ఉద్యమం గెలిచి బడిలోకి, పత్రికలోకి వచ్చిన భాష ఏది? శిష్ట వ్యవహారికం. శిష్టులు అంటే ఎవరు? చదువుకున్నోళ్ళు. చదువుకున్నోళ్ళు అంటే ఏ కులాలోళ్ళు, ఏ జిల్లాలోళ్ళు? గ్రాంథికం అనే గోడ కూలింది గాని ఆ రాళ్ళతోనే ఇంకొక గోడ కట్టిండ్రు. 1956 నవంబరు ఒకటి తర్వాత ఆ గోడ తెలంగాణ బళ్ళల్లకు వచ్చింది. బర్రె పోయి గేదె వచ్చింది. దవాఖాన పోయి ఆసుపత్రి, తొవ్వ పోయి దారి, ఆలుగడ్డ పోయి బంగాళాదుంప. తెలంగాణ అగ్రకులాలోళ్ళకు కూడ ఇది అవమానమే, కాదనను. కాళోజీ ఈ బాధను జీవితమంత చెప్పిండు. 2014 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినం చేసుకున్నం. కాని రాష్ట్రం వచ్చినంక కొత్త వాచకాల్ల బతుకమ్మ వచ్చింది, బోనాలు వచ్చినయి, తెలంగాణ కవులు వచ్చిండ్రు. లంద రాలేదు, ఆరె రాలేదు. కంచ ఐలయ్య 1996లో అచ్చయిన తన పుస్తకంల, బడిల చెప్పే తెలుగు కూడ తన లాంటి పిల్లలకు ఇంగ్లీషు లెక్కనే పరాయిగ ఉండేదని రాసిండు. ఆయన గొర్లకాపరుల ఇంట్ల నుంచి వచ్చిండు. వాడ నుంచి చూస్తే ఇంకా దూరం.

1997లో కరువుకు మా నాయిన మమ్ముల పట్టుకొని పట్నం వచ్చిండు. దేవరకొండ దిక్కోళ్ళు సాగర్ రోడ్డు పట్టి వస్తే మొదలు తగిలే పట్నం ఎల్బీ నగరే. అప్పుడది హైదరాబాదుల లేదు, వేరే మున్సిపాలిటీ. 2007లో గ్రేటర్ల కలిపిండ్రు. మా నాయిన పొద్దుగాల ఆరింటికి చౌరస్తాల అడ్డ మీద నిలబడేటోడు. మేస్త్రీలు వచ్చి రెక్కలు చూసి పిలుచుకపోయేటోళ్ళు. మా అమ్మ కొత్తపేట పండ్ల మార్కెట్ల గడ్డి ఏరి, డబ్బలు సర్దేది. ఆ మార్కెట్టు 2021లో బాటసింగారం పోయింది, ఇప్పుడక్కడ దాని జాడ లేదు. గుడిసెల్ల మాకు ఒక దిక్కు పాలమూరోళ్ళు, ఒక దిక్కు లంబాడోళ్ళు. నా ఈడు లంబాడ పిల్ల ఒకతి నాకు దోస్తు. యాడి అంటే అమ్మ, బా అంటే నాయిన, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్ళు అని దాని దగ్గరనే నేర్చుకున్న. నాకు బడి తెలుగు మెట్ట తొవ్వ అయితే దానికి అది ఎక్కరాని గుట్ట. అది మూడో తరగతిలో బడి బంద్ పెట్టింది. హాజరు పట్టీల "మాతృభాష" అన్న గడిల మా ఇద్దరికీ తెలుగు అనే రాసి ఉండె.

అదే టైముల దిల్‌సుఖ్‌నగర్ గల్లీలల్ల ఇంటికొక బోర్డు లేస్తుండె. నర్సరీ, ఎల్కేజీ, యూకేజీ. టై కట్టుకున్న మూడేండ్ల పిల్లలు రిక్షాల పోతుంటే మేము నిలబడి చూసేటోళ్ళం. నేను సర్కారు బడిల తెలుగు మీడియం, సర్కారు కాలేజీల తెలుగు మీడియం చదివి డిగ్రీ చేసిన. డిగ్రీ అయినంక దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగుల చేరిన. పై అంతస్తుల గది, కింద చెప్పుల దుకాణం. అక్కడ నాకు ఒక విచిత్రం జరిగింది. ఇంగ్లీషుల తప్పు మాట్లాడితే అందరమూ తప్పే మాట్లాడేది, ఎవరి తప్పు చూసి ఎవరూ కులం పసిగట్టలేదు. అప్పుడు నాకు మా జనం ఇంగ్లీషు అంటే ఎందుకు ప్రాణం పెడతరో అర్థమైంది. అది ఉద్యోగమిచ్చే భాష అన్నది సగమే నిజం. నీ తాత లేని భాష, నీ దొర తాత కూడ లేని భాష. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చేసిన తన కవితల పుస్తకంలనే ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రులకు, అతిశూద్రులకు చెప్పింది. అంబేద్కర్ బడిల సంస్కృతం చదువుతనంటే అంటరానోడని వద్దన్నరు, ఆయన ఫారసీ తీసుకున్నడు. తర్వాత తన యుద్ధం చాలామటుకు ఇంగ్లీషుల చేసిండు. భాషను బట్టి తలుపు, కులాన్ని బట్టి తాళం. ఇంగ్లీషు తలుపు తాళం మాత్రం పైసలతోని పెట్టిండ్రు. కులం కంటే పైస కొంచెం మెత్తగుంటది, అప్పు చేసైనా తెరవొచ్చు.

అందుకే అడ్డ కూలీలు కూడ అప్పు చేసి పిల్లల్ని గల్లీ కాన్వెంటుల వేసిండ్రు. సర్కారు బడులు ఖాళీ అయినయి. అప్పుడు గాని సర్కారుకు తెలివి రాలేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంల సక్సెస్ స్కూళ్ళ పేరుతోని హైస్కూళ్ళల్ల ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు సెక్షన్లు పెట్టిండ్రు. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో బోధన ఉండాలన్నది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసుల ఇంకొక తీర్పు చెప్పింది. ప్రైమరీల మాతృభాషలోనే చెప్పాలని సర్కారు ప్రైవేటు బడులను బలవంతపెట్టకూడదు, మీడియం ఎంచుకునుడు హక్కు అని. ఈ రెండూ కలిపి చదువుండ్రి. మాతృభాష నియమం ఇక ఎవరి మీద నడుస్తది? ఫీజు కట్టలేనోళ్ళ మీదనే. డబ్బున్నోడికి మీడియం హక్కు, లేనోడికి మీడియం ధర్మం!

2019 నవంబరుల ఆంధ్రప్రదేశ్ సర్కారు 81 నంబరు జీవోతోని ప్రైమరీ బళ్ళల్ల ఇంగ్లీషు మీడియం అన్నది. తెలుగు సంస్కృతి మునిగిపోతదని గొడవ లేచింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడాది జులైల వచ్చిన జాతీయ విద్యావిధానం వీలైన కాడల్ల అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమన్నది. తెలంగాణల 2022 జనవరి 17న మంత్రివర్గం సర్కారు బళ్ళన్నిట్ల ఇంగ్లీషు మీడియం పెట్టాలని తీర్మానం చేసింది. ఆ గొడవలల్ల తెలుగు కోసం వ్యాసాలు రాసినోళ్ళల్ల చాలామంది మనుమలు, మనుమరాండ్లు అమెరికాలనో కాన్వెంటులనో ఉన్నరు. వాళ్ళ ఇండ్లల్ల తెలుగు బతకాల్సిన అవసరం లేదు. అది మా గుడిసెల్ల బతకాలె, మా పిల్లల చదువును తిని బతకాలె. 2017ల ప్రపంచ తెలుగు మహాసభలు ఎల్బీ స్టేడియంల మొదలుపెట్టిండ్రు. లాల్ బహదూర్ పేరే మా చౌరస్తాకూ ఉన్నది. అక్కడ అడ్డ మీద పొద్దున వినబడే తెలుగు ఆ సభల వినబడిందో లేదో గాని.

నేను టీచర్ రిక్రూట్‌మెంట్ పరీక్ష రాసి 2019ల ఉద్యోగంల చేరిన. ఇంగ్లీషు మీడియంకు నేను వ్యతిరేకిని కాను. ఎప్పుడూ కాను. కాని 2022 జూన్‌ల ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చి ఒకటో తరగతిల నిలబెట్టినంక నేను చూసింది మనోళ్ళకు చెప్పకపోతే ద్రోహం అయితది. జై ఇంగ్లీష్ అనుడు సభల సులువు, తరగతిల కాదు.

మా ఊళ్ళె పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండిన బెండ్లు కట్టి బావిల దింపేటోళ్ళు. (ఊరి బావిల మమ్ముల దిగనియ్యలేదు. మేము చెరువుల నేర్చుకున్నం. అది వేరే కత.) బెండు ఉన్నన్ని రోజులు పిల్లకు భయం ఉండదు. కాళ్ళు చేతులు ఆడిచ్చుడు వచ్చినంక ఒక్కొక్క బెండు తీసేస్తరు. చదువుకున్నోళ్ళు ఇమ్మర్షన్ అనేది ఇట్ల బెండు కట్టి దింపుడే. బెండు లేకుండ దొబ్బేసుడు ముంచుడు అయితది. దానికి వేరే పేరున్నది, సబ్‌మర్షన్.

1965ల కెనడాల, మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్ళె ఇంగ్లీషు మాట్లాడే ఇండ్ల పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిల చదువు మొదలుపెట్టిండ్రు. అది బాగ నడిచింది. ఇంగ్లీషు మీడియం అడిగేటోళ్ళు తరచుగ దాన్నే చూపిస్తరు. కాని దాని లోపల సంగతి చూడాలె. టీచరు ఫ్రెంచిల మాట్లాడుతది, కాని ఆమెకు పిల్లల ఇంగ్లీషు తెలుసు. పిల్ల ఇంగ్లీషుల ఉచ్చ వస్తున్నదంటే పంపిస్తది, ఫ్రెంచిల అడుగు అని నిలబెట్టదు. రెండో తరగతి వచ్చేసరికి ఇంగ్లీషు చదువుడు, రాసుడు కూడ మొదలుపెట్టిండ్రు. ఆ పిల్లల ఇంటి భాషను ఎవరూ నవ్వలేదు. తల్లిదండ్రులు చదువుకున్నోళ్ళు, వాళ్ళే కావాలని పోరి పెట్టిచ్చుకున్నరు. అంటే బెండ్లు నిండుగ ఉన్నయి. దిల్‌సుఖ్‌నగర్ గల్లీ కాన్వెంటుల తెలుగు మాట్లాడితే ఫైను వేసేది, మెడల పలక వేసేది ఇమ్మర్షన్ కాదు. మనోళ్ళు అప్పు చేసి కొనుక్కున్నది కూడ ముంచుడే. భాషల మీద పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ అనే కెనడా పండితుడు ఏమంటడంటే, కొత్త భాషల ఆటపాట మాటలు రెండేండ్లల్ల వస్తయి గాని ఆ భాషల పాఠం అర్థం చేసుకునే శక్తి రావాలంటే అయిదు నుంచి ఏడేండ్లు పడతది. ఒకటో తరగతి పిల్ల "గుడ్ మార్నింగ్ టీచర్" అనంగనే ఇంగ్లీషు వచ్చిందని తల్లి మురిసిపోతది. ఆ మురిపెం మీదనే గల్లీ కాన్వెంట్లు నడుస్తయి.

ఇంకొక కత మన మంటలకు దగ్గరిది. అమెరికాల ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళె పేద నల్ల పిల్లలు మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద ఉన్న ప్రైమరీ బడిల చదువుతుండ్రి. చదువు రాదని వాళ్ళను మందబుద్ధులోళ్ళ లెక్క చూసిండ్రు. తల్లులు కోర్టుకు పోయిండ్రు. 1979 జులైల జడ్జి ఏమన్నడంటే, ఈ పిల్లలు ఇంట్ల మాట్లాడేది పాడైన ఇంగ్లీషు కాదు, దానికి దాని పద్ధతి ఉన్నది. బడి దాన్ని తెలుసుకొని, దాని మీదికెళ్ళి పుస్తకం ఇంగ్లీషుకు తొవ్వ వెయ్యాలె. పిల్లల నోరు మార్చుడు కాదు, టీచర్ల చెవి మార్చమన్నడు. ఇది రెండు భాషల పంచాయితీ కాదు, ఒకే భాషల రెండు అంతస్తుల పంచాయితీ. అంటే నా బొక్క, ఎముక పంచాయితీ. మన దగ్గర ఏ జడ్జి ముందటికి ఈ కేసు పోవాలె?

2022ల వచ్చిన పుస్తకాలు రెండు భాషలవి. ఒక పేజీల తెలుగు, ఎదురు పేజీల ఇంగ్లీషు. ఆలోచన మంచిది, నేను మెచ్చుకుంట. పిల్లకే గాదు, తెలుగు మీడియంల చదివిన నా లాంటి టీచరుకు కూడ అది బెండే. కాని నా తరగతిల 31 మంది. అండ్ల పాలమూరు, నల్లగొండ వాడల పిల్లలు సగం. లంబాడ పిల్లలు ఎనిమిది మంది. అపార్టుమెంట్లు కట్టే ఒడియా కూలీల పిల్లలు నలుగురు. దక్కని మాట్లాడే తురక పిల్లలు ఇద్దరు. పుస్తకంల రెండు భాషలుంటే నా తరగతిల అయిదు. ఒడియా పిల్లకు రెండు పేజీలూ పరాయివే. వాడ పిల్లకు తెలుగు పేజి సగం పరాయిది.

నేను ఏం చేస్తున్ననో చెప్త. ఇది గొప్పకు కాదు, వేరే టీచర్లు చేస్తరని. లెక్కల్ల "అడిషన్" అని మొదలుపెట్ట. చింతగింజలు పోసి "కల్పు" అంట. లంబాడ పిల్లకు కూడ గింజలు చేతిలున్నంక మాట అక్కర్లేదు. పని చేతికి వచ్చినంక కూడిక, ఆ తర్వాత అడిషన్. మూడు మాటలు ఒక పనికి అని పిల్లకు సమజైతది. గోడ మీద బొమ్మలేసి కింద ఎవరింటి మాట వాళ్ళది తెలుగు అక్షరాల్ల రాయిస్త. నీళ్ళ బొమ్మ కింద నీళ్ళు, పాణి, వాటర్. ఒడియా వాళ్ళకు కూడ పాణి అనే వచ్చేసరికి, లంబాడ పిల్ల, ఒడియా పిల్ల ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నరు. దక్కని పిల్లగాడు "మేము పానీ అంటం టీచర్" అని లేచిండు. కుక్క బొమ్మ కింద బొక్క, ఎముక, బోన్ మూడూ ఉన్నయి. ఆ గోడకు నేను ఏ పేరూ పెట్టలేదు. తనిఖీకి వచ్చిన ఒక సారు "ఇంగ్లీష్ మీడియంల ఇవన్నీ ఎందుకమ్మా" అని అడిగి, సమాధానం వినకుండనే పోయిండు.

ఇదేం కొత్త కాదు. 2004ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారే గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఒడియా, బంజారా భాషల్ల ఒకటో తరగతి పుస్తకాలు తయారుచేయించి ఆదివాసీ ఊళ్ళల్ల బహుభాషా విద్య మొదలుపెట్టింది. మొదలు ఇంటి భాష, తర్వాత తెలుగు, తర్వాత ఇంగ్లీషు. గిడుగు సవర పిల్లలకు చేసిందే వంద ఏండ్లకు సర్కారు పని అయింది. కాని అది అడవికే ఆగింది. తండా విడిచి ఎల్బీ నగర్ అడ్డ మీదికి వచ్చిన లంబాడ కూలి బిడ్డకు ఆ పుస్తకం వెంబడి రాలేదు. పట్నంల ఆమెకు భాష లేనట్టే లెక్క.

అసలు పంచాయితీ ఒకటో తరగతిది కూడ కాదు. గల్లీ కాన్వెంటు పిల్ల మూడేండ్లకు బడికి పోతది. మంచిదో చెడ్డదో మూడేండ్లు ఇంగ్లీషు చెవిన పడ్డంక ఒకటో తరగతికి వస్తది. మా పిల్ల అయిదున్నర ఏండ్లకు నేరుగ ఒకటో తరగతికి వచ్చి మొదటిరోజే ఇంగ్లీషు పుస్తకం పడుతది. ఆ మూడేండ్లు మా పిల్లలకు ఉన్నది అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. గుడ్డు, పాలు, టీకా, తూకం, సర్వేలు, ఎలక్షన్ డ్యూటీ అన్నీ ఒక్క అంగన్‌వాడి టీచరు నెత్తిన. ఆమె జీతం చెప్పుకుంటె సిగ్గు. అన్నీ అయినంక పిల్లలతో మాట్లాడే టైముంటే మాట్లాడుతది. వాడ పిల్ల నోరు విప్పాల్సింది, కతలు చెప్పాల్సింది, రెండో భాష ఆటల్ల చెవిన పడాల్సింది అక్కడ. 1982ల న్యూజిలాండ్‌ల మావోరీలు పోతున్న తమ భాష కోసం చిన్నపిల్లల బడులు పెట్టినప్పుడు అవ్వలను, తాతలను తెచ్చి పిల్లల నడుమ కూసోబెట్టిండ్రు. మాకు అవ్వలున్నరు. అంగన్‌వాడిల చాప వేసి కూసోబెట్టి ఒక గంట కత చెప్పమంటే కూలికి పోలేని ముసలోళ్ళు ఎంతమంది రారు? మా అమ్మ వస్తది. ఆమెకు సోల, తవ్వ, మానిక ఇంకా యాదికున్నయి.

తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అని మనల్ని రెండు దిక్కులా నిలబెట్టి కొట్లాడిస్తున్నరు. మన సంఘాలు కూడ ఇంగ్లీషు మీడియం వచ్చిందని డప్పు కొట్టి ఇంటికి పోయినయి. మూడేండ్ల పిల్లకు టీచరెవరు, ఒకటో తరగతిల ముప్పై మందికి ఎంతమంది టీచర్లు, ఆ టీచరుకు పిల్ల భాష తెలుసా అని ఎవరూ ధర్నా చెయ్యలేదు. ఇప్పుడిప్పుడే కొన్ని సర్కారు బళ్ళల్ల ప్రీ ప్రైమరీ తెరుస్తున్నరు. దాంట్లకు ఎవరిని తీసుకుంటరు, ఎంతిస్తరు, ఏ భాషల పిల్లతో మాట్లాడమంటరు అన్న జీవోలు చదవాల్సిన పని విద్యార్థి సంఘాలది. నేను చదువుతున్న.

మొన్న జూన్‌ల ఒక అడ్డ కూలి తన బిడ్డ టీసీ కోసం వచ్చిండు. దగ్గర్ల కాన్వెంటుల వేస్తడట. నేను ఏమీ అనకముందే పిల్ల చెయ్యి పట్టుకొని గోడ దగ్గరకు తీసుకపోయింది. బొమ్మలను ఒక్కొక్కటి ముట్టుకుంట మూడు మాటలు చెప్పింది. బొక్క, ఎముక, బోన్. ఆయనకు ఇంగ్లీషు మాట సమజ్ కాలేదు, మొదటి మాట అయింది. "ఈ మాట బడిల రాస్తరా మేడం?" అని అడిగిండు. రాస్తమన్న. కాసేపు నిలబడి, టీసీ దరఖాస్తు జేబుల పెట్టుకొని, రేపు వస్తనని పోయిండు. ఆ పిల్ల పేరు ఇంకా నా హాజరు పట్టీలనే ఉన్నది. ఆయన ఇంకా రాలేదు.